బాబుకి 'యాదగిరి' అని పెడదామంటే ఇంట్లో పెద్దవాళ్లే వద్దంటున్నారు

నకిరేకల్_సందీప్
బాబు పుట్టి ఇవాళ్టికి పదకొండు రోజులు. జ్యేష్ఠా నక్షత్రం రెండో పాదం, అక్షరం 'యా' అని పంతులుగారు చీటీ రాసిచ్చారు. చీటీ చూడగానే నాకు ఇంకో పేరు తట్టలేదు. మా తాత పేరు యాదగిరి. నేను ఏడో తరగతిలో ఉండగా పోయారు. సైకిల్ ముందు కడ్డీకి తువ్వాల చుట్టి, దాని మీద నన్ను కూర్చోబెట్టుకుని నకిరేకల్ సంతకు తీసుకెళ్లేవారు. అక్షరం కూడా కలిసొచ్చింది, ఇంకేం అడ్డు అనుకున్నా.

అడ్డు మా అమ్మానాన్నలే. నా భార్యకి మొదట నచ్చలేదు, రెండు రోజులు పిలిచి చూసి "గిరి బాగానే ఉంది" అంది. నాన్న మాత్రం "ఆ పేరు తప్ప ఇంకేదన్నా పెట్టుకో" అని చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయారు. అమ్మ ఆ మాట ఎత్తితేనే వంటింట్లోకి పోతోంది. కొడుకూ కోడలూ పాత పేరు కావాలంటే పెద్దవాళ్లు కొత్త పేరు పెట్టమనడం ఎక్కడైనా చూశారా? ఇరవై ఒకటో రోజు తొట్టెల, ఆ రోజే పేరు పెట్టాలి. పది రోజులే ఉంది. ఈలోపు మా బావమరిది నెట్లో వెతికి పంపిన లిస్టు: యావన్, యాషిత్, యాన్ష్, యాదవీర్. మీరైతే ఏం చేస్తారు?

జొన్నరొట్టె_జడ్చర్ల
యాన్ష్ అంటే ఏంటో బావమరిదిని అడిగావా?

నకిరేకల్_సందీప్
అడిగా. 'దేవుడి పేరు' అని రాసుందట. ఏ దేవుడో రాయలేదట.

యూకేజీ_టీచరమ్మ
మా బడిలో నా సెక్షన్‌కి 34 మంది. పేరు చివర 'న్ష్' ఉన్నవాళ్లు తొమ్మిది మంది. రియాన్ష్ అని పిలిస్తే ముగ్గురు లేస్తారు, తననే అనుకుని శ్రేయాన్ష్ కూడా లేస్తాడు. పోయిన ఏడాది ఒక రామలింగం చేరాడు. మొదటి రోజే అందరికీ గుర్తుండిపోయిన పేరు వాడిదే. చెర్వుగట్టు రామలింగేశ్వరుడి మొక్కు అని వాళ్లమ్మ చెప్పింది. పిల్లలు 'లింగూ' అంటారు, వాడికి ఏ బాధా లేదు. బాధంతా మా వ్యాన్ డ్రైవర్‌కే, ఆయన పేరూ రామలింగమే. "రామలింగం, కూర్చో, నోరు మూసుకో" అని ఆయా అరిచినప్పుడల్లా ఆయన ముఖం చూడాలి.

మూసీ_ఒడ్డు
పెట్టెయ్ బ్రదర్. పెద్దవాళ్లు రెండు రోజులు అలుగుతారు, పిల్లాడు నవ్వితే మర్చిపోతారు.

కురుమన్న_పాలమూరు
అంత తేలిగ్గా 'పెట్టెయ్' అనకండి. నేను మోసిన వాణ్ణి, చెప్తాను వినండి.

నా పేరు కురుమయ్య. కురుమూర్తి స్వామి మొక్కు. మా చిన్నచింతకుంట వైపు ఈ పేరుకి ఎవరూ తల కూడా తిప్పరు, కార్తీకంలో జాతరకి పోయి 'కురుమయ్యా' అని కేకేస్తే వంద మంది పలుకుతారు. ఇంజినీరింగ్‌కి హైదరాబాద్ వచ్చాకే అది నవ్వుల పేరని తెలిసింది. హాస్టల్ మెస్‌లో గురువారం వెజ్ కుర్మా. నాలుగేళ్లు ప్రతి గురువారం ఎవడో ఒకడు గరిటె ఎత్తి "నీ చుట్టం వచ్చిండురా" అనేవాడు. ఉద్యోగానికి పంపిన బయోడేటాలో నేనే కె.మూర్తి అయిపోయా. పన్నెండేళ్లుగా ఆఫీసులో మూర్తినే. మా అమ్మ పోయినప్పుడు కొలీగ్స్ కారేసుకుని ఊరికి వచ్చారు. 'మూర్తిగారి ఇల్లు ఎక్కడ' అని అడిగితే ఊళ్లో ఒక్కరూ చెప్పలేదు. గంటన్నర తిరిగి, సావు డప్పు విని వచ్చారు.

జాతరలో స్వామి పాదరక్షలు ఊరేగించే ఉద్దాల ఉత్సవానికి పోయినప్పుడు నా పేరంటే నాకు గర్వమే. పదిహేడేళ్ల వయసులో ఆ గర్వం అక్కరకు రాలేదు, అంతే. సందీప్, నీ పేరు సందీప్ కాబట్టి నీకు యాదగిరి ముద్దొస్తోంది.

జొన్నరొట్టె_జడ్చర్ల
చివరి వాక్యం గట్టిగా తగిలింది.

డల్లాస్_దేవరకొండ
పిల్లలు నవ్వడానికి పాత పేరే అక్కర్లేదు, ఏ పేరైనా చాలు. శ్రీశైలం మల్లన్నకు మొక్కుకున్నామని మా అబ్బాయికి మల్లేశ్ అని పెట్టాం. ఇక్కడి టీచర్ నోట్లో అది 'మాలేష్' అయింది. క్లాసులో ఒక ఈజిప్టు పిల్లాడు పడి పడి నవ్వాడట, వాళ్ల భాషలో మాలేష్ అంటే 'పర్లేదులే' అని. ఇప్పుడు మావాడు పాలగ్లాసు ఒలకబోసి "నా పేరే పర్లేదులే కదా" అంటున్నాడు. ఇక నేను నర్సింహని. కాఫీ షాపులో పేరు చెబితే కప్పు మీద 'నర్స్' అని రాసిచ్చారు. తాగి వచ్చా.

సైదులు_హుజూర్‌నగర్
కురుమన్నా, నీ కుర్మా కన్నా నాది పెద్ద కథ. నా పేరు సైదులు. ఇంటి దేవుడు మట్టపల్లి నర్సింహస్వామి. పుట్టింది మాత్రం జాన్‌పహాడ్ దర్గాకి మొక్కుకుంటే. మా వైపు ఇందులో వింతేం లేదు. వీధికి ఇద్దరు సైదులు, ఒక సైదమ్మ, పక్క వీధిలో సైదిరెడ్డి. జనవరిలో ఉర్సుకి ఊరికి ఊరే కదులుతుంది.

హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు అడగడానికి ఫోన్ చేసి పేరు చెబితే 'ఇల్లు వేరేవాళ్లకి ఇచ్చేశాం' అన్నారు. బోర్డు ఇంకా వేలాడుతూనే ఉంది కదా అని నేరుగా వెళ్లా. మా ఆవిడ బొట్టు చూసి "అయ్యో మీరా, రండి రండి" అన్నారు. ఆ ఇంట్లో దిగలేదు. మా పాపకి మా అమ్మ పేరు సైదమ్మ అని పెడదామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు, 'సైద' దగ్గర రాజీ పడ్డాం. ఇప్పుడు అపార్ట్‌మెంట్‌లో అందరూ "ఎంత మోడర్న్ పేరండీ, ఏ యాప్‌లో చూశారు" అని అడుగుతున్నారు.

యూకేజీ_టీచరమ్మ
ఏ యాప్‌లో చూశారని అడిగితే జాన్‌పహాడ్ యాప్ అని చెప్పండి.

రిటైర్డ్_తెలుగు_సారు
నాగర్‌కర్నూల్ నుంచి రాస్తున్నాను. ముప్పైమూడేళ్లు హాజరు పిలిచిన నోరు కాబట్టి నాలుగు మాటలు.

సైదులు, రాములు, నర్సింహులు, ఆంజనేయులు, వీటి చివర 'లు' గౌరవం కోసం చేర్చిన బహువచనం. ఒక్కడినే పదిమందిగా చూసుకోవడం. అంటే సైదులును 'ఒరేయ్ సైదులూ' అని పిలిచేవాడు కూడా తనకు తెలియకుండా గౌరవిస్తున్నట్టే. మొక్కు పేర్లలో మనవాళ్లకి ఇంకో అలవాటుంది. దేవుడి పేరుతో ఆగరు, ఊరి పేరే మనిషికి పెట్టేస్తారు. శ్రీశైలం, తిరుపతి, భద్రాచలం, మన్యంకొండ, యాదగిరి, అన్నీ మనుషులే. మా బడిలో ఒకే తరగతిలో ముగ్గురు శ్రీశైలాలు ఉండేవారు. పెద్ద శ్రీశైలం, నల్ల శ్రీశైలం, ముంపు శ్రీశైలం. మూడోవాడి ఊరు డ్యాము నీళ్ల కింద పోయింది, వాళ్ల కుటుంబం కొల్లాపూర్ వైపు నుంచి వచ్చింది. ఊరిని ముంచిన డ్యాము పేరూ, వాడి పేరూ ఒకటే. నేను హాజరులో ఆ పేరు పిలిచిన ప్రతిసారీ వాడు లేచి కిటికీలోంచి బయటికి చూస్తూ 'ఉన్నాను సార్' అనేవాడు.

ఇక పిల్లలు బతకని ఇళ్లలో పేర్లు వేరు. ఇద్దరు ముగ్గురు పోయాక పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, వేరేవాళ్లతో ఎత్తించి తెచ్చుకునేవారు. వాడు పెంటయ్య. అమ్మాయైతే పెంటమ్మ. ఎంగిలి విస్తరాకుల్లో దొర్లించి తెస్తే పుల్లయ్య. పది ఇళ్లలో బియ్యం అడుక్కొచ్చి అన్నప్రాసన చేస్తే బిక్షం, బిక్షపతి. ముక్కు కూడా కుట్టేవారు. యముడు చూసి 'ఇది పనికిరాని సరుకు' అని వదిలేసి పోవాలని. పెంటయ్య అంటే మనకు నవ్వొస్తుంది. పెట్టిన తల్లి మాత్రం ఏడ్చి ఏడ్చి పెట్టింది.

మొగులయ్య గురించి కూడా చెప్పాలి. మొగులు అంటే మబ్బు. కరువు జిల్లాలో కొడుక్కి మబ్బు పేరు పెట్టుకున్నారంటే...

కురుమన్న_పాలమూరు
సార్, ఇంటర్వెల్ బెల్ కొట్టమంటారా?

రిటైర్డ్_తెలుగు_సారు
కొట్టు నాయనా. కిన్నెర వాయించే మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, మన నాగర్‌కర్నూల్ జిల్లా ఆయనే. ఆ ముక్క చెప్పి ఆపేస్తాను.

కృష్ణవేణి_మక్తల్
మా నారాయణపేట వైపు అయ్యలు తక్కువ, అప్పలు ఎక్కువ. కొండప్ప, నర్సప్ప, హన్మప్ప. కర్ణాటక గాలి. బుర్రవీణ వాయించే దాసరి కొండప్పగారికి 2024లో పద్మశ్రీ వచ్చాక మా ఊళ్లో కొండప్పలందరూ వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగారు. మా మామయ్య కూడా. ఆయన వాయించేది ట్రాక్టర్ హారన్ ఒక్కటే.

శ్రీకాకుళం_అల్లుడు
మిర్యాలగూడ అల్లుణ్ణి, మాట కలపొచ్చా? మా వైపు తవిటయ్య ఉంటాడు సార్. పుట్టగానే మంత్రసానికి ఇచ్చేసి, తవుడు కొలిచిచ్చి మళ్లీ కొనుక్కున్న బిడ్డ. ఇక ఈ పేరు పెట్టే వేడుకని మేం బారసాల అంటాం, మీరు తొట్టెల అంటారు. మా అత్తగారు ఫోన్లో 'తొట్టెలకి రా అల్లుడూ' అంటే నీళ్ల తొట్టె కడుతున్నారేమో అనుకుని ఖాళీ చేతులతో వెళ్లా. పిల్లాడికి గొలుసు పెట్టలేదని ఇప్పటికీ దెప్పుతారు.

మూసీ_ఒడ్డు
బిక్షం అంటే గుర్తొచ్చింది. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినబడాలని నల్లగొండ పార్లమెంటు సీటుకి 480 మంది పోటీలో నిలబడ్డారు కదా, బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. ఆ 480 మందిలో గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం. పాత పేరుతో ఓట్లు రావని ఎవరన్నారు?

జొన్నరొట్టె_జడ్చర్ల
మొన్నమొన్నటి దాకా నాకు యాదగిరిగుట్ట అంటే గుట్ట, అంతే. 2022లో గుడి కొత్తగా కట్టి తెరిచినప్పుడు బోర్డుల మీద యాదాద్రి అని చూశాం, మా నాయనమ్మ మాత్రం 'గుట్టకే పోతున్న' అంది. సందీప్, కావాలంటే యాదాద్రి అని పెట్టుకో. పాతదీ అవుతుంది, కొత్తదీ అవుతుంది.

సైదులు_హుజూర్‌నగర్
పిల్లాడా, యాదాద్రి థర్మల్ ప్లాంటా?

కొలనుపాక_న్యూమరాలజీ
యాదగిరి ఇంగ్లీషు స్పెల్లింగులో చివర 'ఐ'కి బదులు రెండు 'ఇ'లు పెట్టండి, మధ్యలో ఒక 'హెచ్'. కూడితే ఒకటి వస్తుంది, సూర్యుడు.

జొన్నరొట్టె_జడ్చర్ల
అప్పుడు టీచర్ 'యాధగీరీ' అని పిలుస్తుంది, గీర ఎక్కువ అవుతుంది. వద్దులే అన్నా.

నల్లమల_నాగు
అసలు విషయం ఎవరూ మాట్లాడటం లేదు. వాళ్ల నాన్న ఎందుకు వద్దంటున్నాడో సందీప్ అడిగాడా? చెప్పులేసుకుని బయటికి పోయేంత కోపం ఊరికే రాదు. మా ముత్తాత పేరు లింగయ్య అని మేమంతా అనుకున్నాం. భూమి తగాదాకి 1954-55 నాటి భూమి రికార్డు, ఖాస్రా పహాణీ, నకలు తీయిస్తే 'లింగిగ' అని ఉంది. పక్క సర్వే నంబరు ఆసామికి మాత్రం పేరు వెనకాల రావుగారు. ఇద్దరివీ ఒకే చేతిరాత. 'అయ్య' అనేది మనకి పుట్టుకతో రాలేదు, కొట్లాడి తెచ్చుకున్నాం. మనం ఇప్పుడు ఏసీ గదిలో కూర్చుని 'పాత పేరు ఎంత మట్టివాసనగా ఉంది' అంటున్నాం. ఆ మట్టిలో ఎవరిని ఏమని పిలిచారో ముందు అడగండి.

మూసీ_ఒడ్డు
ప్రతిదాన్నీ అక్కడికే తీసుకుపోతారేంటి అన్నా, ఇది పిల్లాడి పేరు.

నల్లమల_నాగు
పేరు దగ్గర కాకపోతే ఇంకెక్కడ మాట్లాడాలి?

కృష్ణవేణి_మక్తల్
నాగుగారి మాట నిజం. కవి అందెశ్రీ అసలు పేరు అందె ఎల్లయ్య. గోరటి వెంకన్న వెంకన్నగానే ఉన్నారు. మార్చుకున్నాయనా గొప్పవాడే, ఉంచుకున్నాయనా గొప్పవాడే. ఎవరి కారణం వాళ్లది.

నకిరేకల్_సందీప్
నాగన్న చెప్పాక రాత్రి నాన్న పక్కన మంచం వేసుకుని కూర్చున్నా. కరెంటు పోయింది, ఆ చీకట్లో ఆయనే మొదలుపెట్టారు.

తాత ఊరి పెద్దాయన దగ్గర మోటబావి పని చేసేవారట. ఆ ఇంటి మనవడు తాతకంటే ముప్పై ఏళ్లు చిన్న. పట్నంలో చదువుకుంటూ సెలవులకి వచ్చేవాడు. మెట్ల మీద నిలబడి "అరే యాదిగా, బూట్లు తే" అన్నాడట. తాత తెచ్చి, కింద పెట్టి, తువ్వాలతో తుడిచారు. నాన్న అప్పుడు ఐదో తరగతి, పలక పట్టుకుని గేటు దగ్గరున్నారు. బూట్లకంటే 'యాదిగా' అన్న పిలుపే ఆయనకి గుర్తుండిపోయింది. నేను పుట్టినప్పుడు ఎవరూ చివర 'గా' తగిలించలేని పేరు కావాలని పేపర్లన్నీ వెతికి సందీప్ అని పెట్టారట. "సందీప్‌గా అని ఎవడంటాడురా, నోరు తిరగదు" అన్నారు. కాలేజీలో నన్ను అందరూ సందిగా అనేవారని నేను చెప్పలేదు.

సైదులు_హుజూర్‌నగర్
అది చెప్పకపోవడమే మంచిదైంది.

కురుమన్న_పాలమూరు
సందీప్, నేను నిన్న రాసింది కొంచెం కటువుగా ఉంది. ఇది చదివాక ఏం చెప్పాలో తెలీట్లేదు.

యూకేజీ_టీచరమ్మ
మరి అమ్మగారి సంగతి?

నకిరేకల్_సందీప్
అమ్మది వేరే కథ, ఇది మా చెల్లెలు చెప్పించింది. కోడలు మామ పేరు నోటితో అనకూడదు కదా. అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఇంటింటికీ పేర్లు రాసుకునే ఆయన ఒకరు వచ్చారు. ఇంట్లో ఎవరూ లేరు. ఇంటి పెద్ద పేరు చెప్పమ్మా అన్నారు. అమ్మ గడప లోపల నిలబడి 'గుట్ట మీది సామి పేరు' అంది. ఆయనకి అర్థం కాలేదు, మళ్లీ అడిగారు. అమ్మ మళ్లీ 'గుట్ట సామి' అనే అంది. గుట్ట మీది స్వామి ఎవరు? నర్సింహస్వామి. ఆయన 'నర్సింహ' అని రాసుకుని వెళ్లిపోయారు.

తర్వాత ఆ పేరే ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి ఎక్కింది. రేషన్ కార్డులో నర్సింహ, పట్టా పుస్తకంలో యాదగిరి. తాతకి పింఛను వచ్చే వయసులో 'ఇద్దరూ ఒక్కరేనని రుజువు తెండి' అని తిప్పారు. కాళ్లు వాచిన మనిషి ఏడు నెలలు తిరిగారు. పింఛను ఓకే అయిన నెలలోనే పోయారు. తాత అమ్మని ఒక్క మాట అనలేదట. 'బిడ్డా, నువ్వు గౌరవం ఇచ్చినవు, వాళ్లకు సమజ్ కాలే' అన్నారట. అమ్మకి మాత్రం అది లోపలే ఉండిపోయింది. ఇప్పుడు అదే పేరు మనవడికి పెట్టి రోజుకి వందసార్లు పిలవమంటే ఎలా పిలుస్తుంది?

జొన్నరొట్టె_జడ్చర్ల
జోకులు వేసినందుకు సారీ అన్నా.

సర్వపిండి_సుజాతమ్మ
నాకు అరవైనాలుగు. ఇదంతా నా మనవరాలు చదివి వినిపించి, నేను చెప్తే టైపు చేస్తోంది. మా ఆయన పేరు రాములు, మామ పేరు కిష్టయ్య. ఈ రెండూ అనకుండా నలభై ఏళ్లు సంసారం చేశాను. భద్రాచలం పోయినా 'సీతమ్మ పెనిమిటి' అని మొక్కేదాన్ని. కృష్ణాష్టమిని 'ఉట్ల పండుగ' అనేదాన్ని. నల్లమలలో కృష్ణ ఏరు దాటుతుంటే నా పిల్లలు 'అమ్మా, ఇది ఏ నది' అని ఏడిపించేవాళ్లు. నేను 'పెద్దవాగు' అనేదాన్ని.

సందీప్ బిడ్డా, అమ్మ మీద కోపం పెట్టుకోకు. తాత పేరు మనవడికి పెట్టడం మనకి ఆనవాయితీయే. అందుకే ఇంట్లో ఇంకో పిలుపు ఉండేది. కోడలు నోరు పెట్టి అనలేదు, మామ పేరున్న పిల్లాణ్ణి తిట్టలేదు, కొట్టలేదు. తిడితే మామను తిట్టినట్టు. పిల్లలు తిట్లు లేకుండా పెరుగుతారా? అందుకని చిన్నోడు, బుజ్జోడు, పెద్దయ్య అని ఏదో ఒకటి. మా ఇంట్లో కిష్టయ్య పేరున్న మనవడిని 'బాంచెను', అంటే 'నీ బానిసను', అనేవాళ్లు, వాడు అంత అల్లరి చేసేవాడు. కాగితాల మీద తాత పేరు ఉండనియ్యి. ఇంట్లో పిలిచే పేరు మీ అమ్మనే పెట్టమను.

రిటైర్డ్_తెలుగు_సారు
అమ్మా, నమస్కారం. నా ముప్పైమూడేళ్ల పాఠం కన్నా ఇది బాగుంది.

డల్లాస్_దేవరకొండ
కాగితాల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. పేరు తేలకపోయినా 21 రోజుల్లోపు జననం నమోదు మాత్రం చేయించెయ్. పేరు కాలమ్ ఖాళీగా ఉంచొచ్చు. ఏడాదిలోపు ఫీజు లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాతైతే పదిహేనేళ్ల దాకా ఆలస్య రుసుము కట్టి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకి బడి, పాస్‌పోర్టు అన్నింటికీ పుట్టిన తేదీ రుజువు ఆ సర్టిఫికెట్టే. తొట్టెల టెన్షన్‌లో తప్పు స్పెల్లింగ్ రాయించి, తర్వాత మీ తాతలాగా తిరగకు. ఇంటిపేరు కూడా పూర్తిగా రాయించు, ఒక్క అక్షరం ఇనీషియల్ వద్దు. నా ఇంటిపేరు పాస్‌పోర్టులో ఎక్కక, ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది నా పేరు 'తెలియదు', ఇంటిపేరు 'నర్సింహ'.

జొన్నరొట్టె_జడ్చర్ల
తెలియదు నర్సింహగారూ, కాఫీ తాగారా?

మూసీ_ఒడ్డు
ఒక్క మాట నాది కూడా. మన దగ్గర 'యాది' అంటే జ్ఞాపకమే కదా. తాతను యాదిలో పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి పేరు ఏముంది?

సైదులు_హుజూర్‌నగర్
ఈ డైలాగ్ మొదటి రోజు నుంచి జేబులో పెట్టుకుని తిరుగుతున్నట్టున్నావు.

నల్లమల_నాగు
పాయింటు మాత్రం బాగుంది, ఒప్పుకోవాలి. యాదిగా అంటే 'జ్ఞాపకంగా' అని కూడా.

నకిరేకల్_సందీప్
తొట్టెల నిన్న అయింది. అడిగినవాళ్లందరికీ ఒకేసారి చెప్తున్నా.

సుజాతమ్మగారి పోస్టు ఫోన్లో పెద్ద అక్షరాలు చేసి అమ్మకి ఇచ్చా. చదివి ఫోన్ తిరిగిచ్చేసింది, ఏం అనలేదు. మర్నాడు పొద్దున బాబుకి నూనె రాస్తూ "ఏం గుట్టోడా, చలిపెడుతుందా" అంది. అప్పటి నుంచి ఇంట్లో వాడు గుట్టోడు. మా చెల్లెలు, నా భార్య, ఎదురింటి పిల్లలు అందరూ అదే పిలుపు.

నాన్న ఒక షరతు పెట్టారు. బడిలో, కాగితాల్లో యాదగిరి అని పూర్తిగా ఉండాలి, ఎవరూ కోసి పిలవకూడదు. గిరి కూడా వద్దన్నారు, నా భార్య కొంచెం నొచ్చుకుంది. పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాయమంటే నేను ఉంగరం నాన్న చేతికిచ్చా. 'ద' దగ్గర చేయి వణికి బియ్యం చెదిరింది, మళ్లీ సరిచేసి రాశారు. మా చెల్లెలు మేనత్త కాబట్టి చెవిలో మూడుసార్లు పేరు చెప్పింది.

సాయంత్రం చుట్టాలు వెళ్లిపోయాక నాన్న తొట్టె దగ్గర కూర్చుని ఊపుతున్నారు. బాబు ఏడుపు ఆపట్లేదు. "అరే యాదిగా, ఊకోరా, ఊకో" అన్నారు. అని, అక్కడే ఆగిపోయారు. తాడు చేతిలోనే ఉంది. మేమెవరం అటు చూడలేదు. కాసేపటికి మళ్లీ ఊపడం వినిపించింది.

కురుమన్న_పాలమూరు
రేపు ఆఫీసులో మెయిల్ కింద సంతకం మారుస్తున్నా. కె.మూర్తి పోయి కురుమయ్య. గురువారం కాకుండా చూసుకుంటా.

యూకేజీ_టీచరమ్మ
నాలుగేళ్లకి మా బడికి పంపండి. హాజరులో పూర్తిగానే పిలుస్తా.

డల్లాస్_దేవరకొండ
సర్టిఫికెట్‌లో స్పెల్లింగ్ చూసుకున్నావా?

నకిరేకల్_సందీప్
చూసుకున్నా. పేరు సరిగ్గానే ఉంది. నా పేరు 'సుదీప్' అని పడింది. రేపు మళ్లీ వెళ్లాలి.

వనపర్తి_కొత్త_నాన్న
మొత్తం చదివాకే అడుగుతున్నా. మాకు మొన్న అమ్మాయి పుట్టింది. చిత్తా నక్షత్రం ఒకటో పాదం, అక్షరం 'పే'. మా నాయనమ్మ పేరు పెంటమ్మ. దగ్గరి అక్షరమే కదా అని మా నాన్న అప్పుడే స్వీట్లు కూడా తెచ్చేశారు. కాస్త మెల్లగా మొదలుపెట్టండి, నా భార్య పక్కనే ఉండి చదువుతోంది.